సుగుణక్క వంతు

ఆసుపత్రి వరండా చివర ఎడమ పక్కకి తిరిగితే చాలు, రేసు ట్రాక్ మొదలవుతోంది, అదేమీ ప్రసూనకి వింతగా లేదు. ఫినాయిలూ పెట్రోలూ కలిసిపోయిన వాసనలో ఆమె రేసు బండిని నెట్టుకుంటూ నడుస్తోంది, రెండు పక్కలా మంచాలు, మంచాల కింద పళ్ల సంచులు, గోడ వారగా ట్రాక్ అంచున ఉండేటువంటి ఎరుపూ తెలుపూ గట్టు, ఆ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని సుగుణక్క కొబ్బరిబోండాం తాగుతోంది. సుగుణ పోయి ఏడు నెలలైంది. ఆ సంగతి ప్రసూనకి ఈ కలలోనూ తెలుసు. తెలిసే బండిని గోడకి ఆనించి, వెళ్లి పక్కన కూర్చుంటుంది, ఎందుకంటే ఎదురుగా కనిపిస్తున్న మనిషిని పట్టుకుని నువ్వు లేవు కదా అనడం మర్యాద కాదనిపిస్తుంది.

"ఇంతసేపేందే?" అంటుంది సుగుణ. "పొద్దుట్నుంచీ చూస్తన్నా."

"రేసు మూడింటికక్కా. నిన్న వరసలు తేల్చే క్వాలిఫైయింగ్ అయింది."

"ఎవరి వంతు?"

ప్రసూన తల వంచుకుంటుంది. చెప్పడానికేముంది, ఇద్దరికీ తెలిసిందే. ఒక్కటే బండి, ఇద్దరు ఆడవాళ్లు. గుంటూరులో పరేడ్ మైదానంలో పొద్దున్నే ఆడవాళ్లకి స్కూటర్ నేర్పే సుగుణ దగ్గరికి, రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా చేరిన ప్రసూన ఎనిమిదేళ్ల కిందట వచ్చింది, అప్పటికి ఆమెకి సైకిలు కూడా రాదు. మూడో రోజున యాక్సిలరేటర్ వదలకుండా మైదానం అంచున ఉన్న ముళ్లకంపలోకి దూసుకుపోయి, గీరుకుపోయిన చేతులతో లేచి మళ్లీ ఎక్కుతానంటే, "నీకు భయం లేదనుకున్నానే, బుద్ధే లేదు" అని సుగుణ పగలబడి నవ్వింది. అయిదేళ్లు తిరిగేసరికి ఇద్దరూ కూడి, చెన్నై అవతల ట్రాక్ మీద ఎవరో తోలి వదిలేసిన పాత రేసు మోటారుసైకిలుని కొన్నారు. ఒక పోటీ ఒకరిది, తరవాతి పోటీ ఇంకొకరిది. సుగుణ నంబరు అరవై ఒకటి, ప్రసూనది పదహారు. అవే రెండు అంకెల స్టిక్కర్లు, పీకి అటుదిటు మార్చి అతికిస్తే సరిపోయేది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే సుగుణ మొగుడు దేవదానం ఇద్దరికీ బండి సిద్ధం చేసి పెట్టేవాడు. పోయిన ఏడాది చివరి పోటీ ప్రసూన తోలింది. ఆ లెక్కన ఈ సీజన్ మొదటి వారాంతం సుగుణది. ప్రసూన ఈ ఏడు మానేద్దామనే అనుకుంది, కానీ "దాని వంతు ఊరికే పోనీయొద్దమ్మా" అని దేవదానమే ఆమె పేరు రాయించి, బండిని వ్యానులోకి ఎక్కించి, రాత్రంతా తోలుకుంటూ ఇక్కడికి తీసుకొచ్చాడు.

"నీ వంతేనక్కా," అంటుంది ప్రసూన ఎట్టకేలకు. "నేను తోలుతున్నా."

"తోలితే తోలావులే. ఎంతొచ్చింది?"

అడుగుతున్నది నిన్న ఒక్క చుట్టుకి పట్టిన ల్యాపు సమయమని ప్రసూనకి తెలుసు, అది ఆమె నాలుక చివరే ఉంది, కానీ నోరు తెరిస్తే వేరే అంకె బయటికి వస్తుంది.

"ముప్పై ఎనిమిది వేలు."

సుగుణ బోండాం పక్కన పెట్టి నవ్వుతుంది, నీళ్లు గడ్డం మీద నుంచి కారుతున్నా తుడుచుకోదు. "ముప్పై ఎనిమిది వేల సెకన్లా? నడిచొచ్చినా ఇంతకంటే ముందొచ్చేదానివి గదే!"

ప్రసూనకి నవ్వు రాదు. చూసుకుంటే ఆమె చేతి తొడుగులో చిన్న గాజు గొట్టం ఉంది, అందులో రక్తం, దాని మీద అతికించిన చీటీలో సుగుణ పేరూ వయసూ ప్రసూన చేతిరాతతోనే ఉన్నాయి, దాన్ని దాచడానికి ఆ రేసు సూటుకి జేబులు లేవు. లేవాలని లేస్తుంది, లేచేసరికి ఇద్దరూ బండి మీద ఉన్నారు. ఒక్కరే పట్టే బండి సీటు ఇప్పుడు స్కూటర్ సీటంత పొడుగైంది, వెనక సుగుణ కూర్చుని, నేర్పేటప్పుడు కూర్చున్నట్టే, రెండు చేతులూ తన తొడల మీద పెట్టుకుంది, పట్టుకోదు, పట్టుకుంటే నేర్చుకునేవాళ్లకి ధైర్యం రాదని ఆమె సిద్ధాంతం. ట్రాక్ అంటే ట్రాకే గానీ మధ్యలో పరేడ్ మైదానం, అక్కడ చీరకొంగులు నడుముకి చుట్టి, తలకి హెల్మెట్లు పెట్టుకుని, నలుగురైదుగురు ఆడవాళ్లు స్కూటర్ల మీద సున్నాలు చుడుతున్నారు, ఒకామె వీళ్లకి చెయ్యి ఊపుతోంది. బండి ఎంత జోరుగా పోతున్నా మొహానికి గాలి తగలదు, గొంతు పెంచకుండానే మాట వినిపిస్తుంది.

"నిన్న ఎందుకు పద్నాలుగో దానివయ్యావు?"

"పద్దెనిమిది మందిలో అక్కా."

"నేనడిగింది అది కాదు."

మూడో మలుపు వస్తోంది. తిన్నని దారి చివర, కుడివైపుకి, బాగా వంపుగా. నిన్న తిరిగిన ప్రతిసారీ ప్రసూన అక్కడే వెనకబడింది. అందరూ బ్రేకు పట్టే చోటుకి చాలా ముందే ఆమె వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి, పక్క నుంచి ఒకరి తరవాత ఒకరు దాటిపోయేవాళ్లు. బండిలో ఏ లోపమూ లేదు. దేవదానం రెండుసార్లు విప్పి చూశాడు, ఏమీ దొరక్క తలగోక్కున్నాడు, అతనికి దొరికేది కాదది.

"ఆ రోజు ఈ మలుపులోనే ఉన్నానక్కా," అంటుంది ప్రసూన. "రెండు గంటల వేళ. తరవాత లెక్కేసుకుంటే తెలిసింది."

మలుపు దగ్గరికి రావడం మానేసి, అంత దూరంలోనే ఉండిపోతుంది, వాళ్లు పోతూనే ఉన్నారు.

అప్పుడు ప్రసూన చెబుతుంది. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పనిది. సుగుణకి డెంగ్యూ అని ఆసుపత్రిలో చేర్చాక, శుక్రవారం సాయంత్రం ఆమె రక్తం ప్రసూన పనిచేసే ల్యాబుకే వచ్చింది. మిషను మీద అంకె చూసి, నమ్మలేక, మళ్లీ పెట్టి చూసింది. ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాసి డాక్టరుకి పంపింది. కానీ అరగంట తరవాత సుగుణ ఫోను చేసి "ఎంతొచ్చినయ్యే?" అని అడిగితే, "డెబ్బై వేలక్కా, పెరుగుతున్నయ్" అంది. "అయితే ఇంకేం, ఆదివారం ట్రాక్ దొరికింది గదా, నువ్వెళ్లి బండి తిప్పుకుని రా, ఊరికే పడుంటే పాడైపోద్ది" అంది సుగుణ. ప్రసూన వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నం సుగుణకి ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. ప్రసూన హెల్మెట్ తీసి సంచిలోంచి ఫోను తీసేటప్పటికి అంతా అయిపోయింది.

"నువ్వు భయపడతావనే అలా అన్నానని, ఎవరన్నా అడిగితే చెబుదామనుకున్నా," అంటుంది ప్రసూన. "అది సగమే నిజం. ఉన్నది చెబితే నువ్వు నన్ను పోనివ్వవు. నేనూ పోలేను. నాకు ట్రాక్‌కి పోవాలని ఉండిందక్కా ఆ రోజు. పోవడానికే డెబ్బై అన్నా."

చెప్పేసింది. ఇప్పుడేదో జరగాలి, బండి పడాలి, లేదా వెనక సీటు ఖాళీ అవ్వాలి అనుకుంటుంది. ఏమీ జరగదు. మైదానంలో స్కూటర్లు అలాగే తిరుగుతున్నాయి. సుగుణ ముందుకి వంగి, ప్రసూన భుజం మీదుగా, దూరంగా కదలకుండా ఉన్న ఆ మలుపుని చూస్తోంది.

"డెబ్బయ్యా?" అంటుంది, అదేదో పాత సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు. "అందరూ డెబ్బయ్యే అన్నారు."

"అందరూ ఎవరక్కా? నేనే గదా అంది."

"నాకు తెలీదనుకున్నావా? చిగుళ్లలోంచి రక్తం వస్తంటే డెబ్బై అంటే నమ్మేదానికి నేనేమన్నా పసిపిల్లనా?" ఆమె గొంతులో కోపం ఉంది, చిన్న కోపం, కూరలో ఉప్పు మరిచిపోతే వచ్చేపాటి కోపం. "అబద్ధానికి కాదే నాకు కోపం. ఆదివారం నేను రెండుసార్లు ఫోన్ చేశా. ఎత్తలా నువ్వు."

ఆ రెండు కాల్సూ ప్రసూన ఫోనులో ఇంకా ఉన్నాయి, ఒకటి ఒంటిగంటా పదికి, ఇంకొకటి పావుగంట తరవాత. ఫోను మార్చినా వాటిని పోనివ్వకుండా జాగ్రత్త చేసుకుంది. సుగుణ ఎందుకు ఫోన్ చేసిందో చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె లేదు.

"ఇది నువ్వంటున్నావా, నేనే అనుకుంటున్నానా?" అని అడుగుతుంది ప్రసూన. కలలో ఇంత తెలివి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"నీ బుర్రలోకొచ్చి కూర్చున్నాక ఇంక నువ్వేంది, నేనేంది," అంటుంది సుగుణ. "మలుపు చూడు. పడే చోటు చూడమాక, పోయే చోటు చూడు. ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చేది నీకు!"

చూస్తుంది. అలా చూడగానే మలుపు కదిలి వాళ్ల వైపు రావడం మొదలుపెడుతుంది, మెల్లగా, తరవాత జోరుగా, ప్రసూన వేళ్లు బ్రేకు మీదికి పోతాయి, "ఇంకా కాదు" అంటుంది సుగుణ చెవి దగ్గర, "ఇంకా కాదు, ఇంకా కాదు," స్కూటర్ల మీది ఆడవాళ్లు, మంచాలు, పళ్ల సంచులు అన్నీ వెనక్కి జరిగిపోతున్నాయి, "ఇంక పట్టు."

బండి వంగుతుంది. మోకాలు నేలకి రాసుకుంటోంది. ఇద్దరి బరువూ ఒకే పక్కకి వాలి, ఒకే మనిషిలా మలుపులోంచి బయటికి వస్తుంటే, ప్రసూన అరుస్తుంది, "అక్కా! ఎందుకు చేశావు ఫోను? ఏం చెబుదామని?"

సుగుణ చెబుతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె పెదాలు కదులుతున్నాయి, తాపీగా, మాట తరవాత మాట, మధ్యలో నవ్వు కూడా. కానీ ఇందాకటి దాకా నిశ్శబ్దంగా ఉన్న ఇంజను ఇప్పుడు మోత మొదలుపెట్టింది, ఆ మోతలో ఒక్క ముక్కా వినబడడం లేదు, ప్రసూన యాక్సిలరేటర్ వదిలేస్తుంది, అయినా మోత తగ్గదు, పెరుగుతుంది, చెవులు పగిలేలా పెరుగుతుంది.

మోత పక్క షెడ్డులోది. ఎవరో తమ బండిని వేడి చేస్తున్నారు. రేకుల కప్పు కింద చాప మీద ప్రసూన కళ్లు తెరుస్తుంది. బయట ఎండ, మెడ కింద మడిచి పెట్టుకున్న సూటు, దూరంగా మైకులో ఎవరివో పేర్లు. దేవదానం ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గాలి కొలుస్తున్నాడు.

"లే ప్రసూనమ్మా, రెండున్నరవతంది," అంటాడు ఇటు తిరగకుండానే. "అన్నం తినగానే నిద్రపోయావని లేపలా."

ఆమె లేచి కూర్చుంటుంది. ఇప్పుడు చెప్పకపోతే సాయంత్రానికి మళ్లీ ధైర్యం చాలదు, అది ఆమెకి బాగా తెలుసు. మైకులో పేర్లు ఆగేదాకా కూడా ఆగదు.

"బావా, ఆ శుక్రవారం అక్కకి డెబ్బై వేలు లేవు. ముప్పై ఎనిమిదే. నేనే డెబ్బై అని చెప్పా. ట్రాక్‌కి రావాలనే అలా చెప్పా."

దేవదానం చేతిలోని గాలి మీటరు చక్రం దగ్గరే ఉండిపోతుంది. పక్క షెడ్డులో ఇంజను ఆగుతుంది.

"ముప్పై ఎనిమిదని నాకు తెలుసు," అంటాడు. "డాక్టరు రిపోర్టు చూపిచ్చాడు. నేను లోపలికొస్తే, ఎంతంట అని మీ అక్క అడిగింది. నేను నోరు తెరిచేలోగా తనే అంది, ప్రసూన డెబ్బై అంది గదా అని. అవును, డెబ్బయ్యే అన్నా. నర్సమ్మకి కూడా అదే చెప్పమన్నా." మీటరు చివర అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తాడు. "నమ్మిందో లేదో. ఇంక అడగలా."

ప్రసూన చాప మీంచి జరిగి చక్రం దగ్గరికి వస్తుంది.

"ఎవరికీ చెప్పలా నేను," అంటాడు దేవదానం.

"నేనూ చెప్పలా బావా."

అతను మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తాడు, చాప పక్కనున్న నీళ్ల సీసా అందుకుని ఆమెకి ఇస్తాడు, ఆమె తాగి తిరిగి ఇస్తే మిగిలినవి తాను తాగుతాడు. తరవాత, మైకులో వాళ్ల పోటీ పిలుపు వినిపిస్తుంటే, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బండిని ఎండలోకి నెడతారు.