అక్క చెప్పిన మూడు జవాబులు

ఆఫీసులో ఆమెకు 'తిరుగుటపా' అని పేరు పెట్టారు. వంతెన ముందా, బడి ముందా, ఆసుపత్రి ముందా అని కమిటీలవాళ్లు తేల్చుకోలేనప్పుడు, రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో అడగడం ఆ ఆఫీసు పని. ఆ జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడడం ఆమె పని. బడికన్నా వంతెన, ఆసుపత్రికన్నా బడి ముఖ్యమన్న మనిషి, వంతెనకన్నా ఆసుపత్రి ముఖ్యమంటే లెక్క కుదరదు. కాస్త తేడా అయితే సర్దుకునేది. మరీ ఎక్కువైతే ఎంత పెద్దవాళ్లనైనా, "మళ్లీ ఆలోచించి చెప్పండి" అని వెనక్కి పంపేసేది.

రేడియోలో వార్తలు చదివే ఆమె అక్కకు గొంతు కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేస్తే ఎక్కువ కాలం బతకవచ్చు గానీ మాట పోతుందన్నాడు డాక్టరు. రేడియేషన్, అదే కరెంటు పెడితే మాట కొంత మిగులుతుంది, నెలల తరబడి మంట భరించాలి. రెండూ వద్దంటే నొప్పి తెలియకుండా మందులిస్తారు, ఉన్నన్నాళ్లు ఉండడమే.

"ఊళ్లోవాళ్లందరికీ తేల్చిపెడతావు కదమ్మా, మీ అక్క సంగతి కూడా తేల్చు" అన్నాడు బావ.

అక్క అలసిపోకూడదని ఆమె రోజుకొక ప్రశ్నే అడిగింది.

"మాటా, ఎక్కువ కాలం బతకడమా?"

"మాటే. అదీ అడగాలా?"

మర్నాడు, "ఎక్కువ కాలమా, నొప్పి లేకపోవడమా?"

"కాలమే. ఎంత నొప్పయినా సరే."

ఆ తర్వాత, "నొప్పి లేకపోవడమా, మాటా?"

"నొప్పి లేకపోతే చాలే తల్లీ."

తన బల్ల దగ్గర కూర్చుని మూడూ కలిపి చూసింది. గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వచ్చాయి. సాయంత్రం అక్క మంచం పక్కన చేరి, "నీ జవాబులు పొసగట్లేదక్కా. మళ్లీ చెప్పు" అంది.

అక్క నవ్వబోయి దగ్గింది. "నన్ను కూడా తిరుగుటపాలో పడేశావా? మొదటిది అడిగినప్పుడు మనిద్దరమే ఉన్నాం. రెండోసారి పాప ఈ మంచం మీదే కూర్చుని గోళ్లు తీసుకుంటోంది. కన్నకూతురి ఎదురుగా నాకు రోజులక్కర్లేదని ఎలా అనమంటావే? మూడోసారి మీ బావ నా కాళ్లు ఒత్తుతున్నాడు. నేను మూలిగితే ఆ మనిషి గుడ్ల నీళ్లు కుక్కుకుంటాడు."

"అయితే ఎవరూ లేనప్పుడు చెప్పిందే తీసుకుంటాను."

"ఎవరూ లేకుండా నేనెప్పుడున్నాను? పాప ముందు చెప్పిందే ఉంచు."

"లెక్కకు నిలవదక్కా."

"నిలవకపోతే పోనీ."

ఈసారి ఆమె వెనక్కి పంపలేదు. బావను పిలిచి ఆపరేషన్ అని చెప్పింది.

ఆపరేషన్‌కు ముందు చివరి రోజు అక్క ఎప్పటిలాగే వార్తలు చదివింది. రోడ్ల మరమ్మతులు, ధరలు, వాన వచ్చే సూచనలు. ఎక్కడా తడబడలేదు. నమస్కారం చెప్పాక బావ రేడియో కట్టేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు.

మాట పోయింది. డాక్టరు చెప్పినంత కాలం మాత్రం రాలేదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఆ నెలల్లో ఒకరోజు పాప అన్నం కంచం తోసేసి, "ఏదో ఒకటి అనమ్మా! తిట్టనైనా తిట్టు!" అని అరిచింది. అక్క దాని చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. పెదాలు కదిలాయి గానీ ఏమన్నదో ఎవరికీ తెలియలేదు.

అంతా అయిపోయాక, పిన్నీ పాపా కలిసి అక్క బట్టలు సర్దుతున్నారు.

"ఆపరేషన్ నా కోసమే చేయించుకుంది కదూ పిన్నీ?"

ఆమె తలూపింది.

పాప చేతిలోని చీర మడత పెట్టబోయి, ఆపి, మళ్లీ విప్పింది.

"నాకు అమ్మ మాటే కావాలి. కొన్ని రోజులైనా చాలు, మాట్లాడుతూ ఉంటే చాలనేదాన్ని. నన్నెవరూ అడగలేదు."

పిన్ని దగ్గరికి తీసుకోబోతే పాప రాలేదు. చీర ఒళ్లో కుప్పగా వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.