కుక్కర్ రబ్బరు టోకెన్

మా మావయ్య తవిటయ్యది రైల్వేలో ముప్పై నాలుగేళ్ల సర్వీసు. సింగిల్ లైను స్టేషన్లలో డ్రైవర్లకు పెద్ద రింగుకి కట్టిన టోకెన్ అందించిన మనిషి. టోకెన్ చేతికందితే తప్ప ఏ బండీ రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లోకి అడుగు పెట్టకూడదు. ఇంట్లో కరెంటు సంగతి కూడా తనకే తెలుసంటాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చిన కోడలిని నేనుండగా కూడా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ శనివారం మా అత్త చిలకమ్మకు జన్మలో మొదటి ఆర్డరు. మా ఊళ్లోని ప్రేమ్ బజార్‌లో స్టూడెంట్లకు టిఫిన్లు పెట్టే కన్యకాంబ, ఆదివారం పొద్దుటికి మూడొందల ఇడ్లీలు అడిగింది. కుదిరితే ప్రతి ఆదివారం, కుదరకపోతే మళ్లీ అడగనని ముందే చెప్పేసింది. డిసెంబరు చలిలో పిండి పులవాలంటే మధ్యాహ్నానికే రుబ్బేయాలి. అత్తకు ఆ రోజు అన్నం కూడా సయించలేదు.

వంటింట్లో ఉన్నది ఒక్కటే పెద్ద ప్లగ్గు. దానికో ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆ బోర్డుకి అత్త గ్రైండరు, మావయ్య నీళ్లు కాచుకునే రాడ్డు, నా ఇస్త్రీ పెట్టె. అవును, నాది కూడా. అన్నీ చదువుకున్నదాన్నే, బద్ధకం. మూడూ ఒక్కసారి నడిచేసరికి ఫ్యూజు పోయింది. నేను ఫ్యూజు తీగ కొనడానికి వీధి చివరికి వెళ్లొచ్చేలోగా మావయ్య తనకు తోచింది చేసేశాడు. ఈసారి ఫ్యూజు పోలేదు, బోర్డు పోయింది. వంటిల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. పరుగెత్తి మెయిన్ ఆపేశాను. అత్త సగం నలిగిన మినప్పప్పు ముందు కూలబడి ఏడుస్తోంది.

"ఫ్యూజులో ఏటి పెట్టినారు మావయ్యా?"

"లావుపాటి రాగి తీగ. సన్నంది మాటిమాటికీ తెగిపోతంది కదేటి."

"తెగడమే దాని పని. అది తెగకపోతే గోడలో తీగ కాలతాది. ఒక్క సెక్షన్‌లోకి మూడు బళ్లు ఎప్పుడైనా వదిలినారా మీరు?"

మావయ్య తల దించుకున్నాడు. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. రాగి తీగ పీకి, సరైన తీగ వేసి, బోర్డు పారేశాను. గోడ ప్లగ్గుకి ఏమీ కాలేదని చూసుకుని గ్రైండరు ఒక్కటే పెట్టాను. తిరిగింది. మావయ్య పాత కుక్కర్ రబ్బరు వెతికి తెచ్చి అత్త చేతికిచ్చాడు.

"ఇది టోకెను. ఇది సేతిలో ఉన్నోళ్లే ప్లగ్గు ఎట్టాల. నేనైనా సరే."

మర్నాడు పొద్దున అత్త ఆ రబ్బరు గాజులా తొడుక్కుని, మిక్సీలో చట్నీ వేస్తోంది. మావయ్య బకెట్టూ రాడ్డూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సట్నీ అవనీండి," అంది అత్త తలెత్తకుండా.

స్నానం ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, రాడ్డు పక్కన పెట్టి పెరట్లోకి పోయి, వణుకుతూ దేవుళ్లందరినీ కేకేస్తూ చన్నీళ్లు పోసుకున్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఇద్దరూ ఇడ్లీ గిన్నెలతో టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కారు.

తిరిగొచ్చినప్పుడు అత్త ముఖం చూస్తేనే తెలిసిపోయింది. "ఇంక ఆదివారం ఆదివారం ఆర్డరు మనదే," అంది. ఆ సంతోషంలోనే రబ్బరు తీసి మావయ్య ముందు పెట్టింది.

"ఇంద, లైన్ క్లియర్. ఏన్నీళ్లు కాసుకోండి."

మావయ్య దాన్ని మళ్లీ ఆవిడ చేతికే తొడిగాడు.

"మన పెళ్లైన నలభై ఏళ్లూ ఈ ఇంట్లో నా బండే ముందెల్లింది. ఇంక నీది ఎల్లనీ."