ఎడమవైపు వాలిన మోటరు

జగన్నాథ్ పటేల్ మోటరు మళ్ళీ ఎడమవైపు కుంగింది. పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి చూడగానే నాకు ఒళ్లు మండింది. ఏడాదిలో ఇది మూడోసారి. వెనక చక్రం మీది రేకు టైరుకు రాసుకుంటోంది. కుడివైపు మాత్రం ఏమీ ఎరగనట్టు ఎత్తుగా నిలబడి ఉంది.

కమాను పట్టీలంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీలు. ఒకదాని కింద ఒకటి కట్టగా ఉంటాయి. గుంత వస్తే వంగి మళ్ళీ లేవాలి. మొదటిసారి పెద్ద పట్టీ విరిగితే పట్నం నుంచి కొత్తది తెప్పించాను. రెండోసారి యుద్ధం మూలాన సామాను దొరక్క, మూలపడ్డ లారీది ఊడదీసి, కోయించి బిగించాను. విరిగిన ముక్కలు కమ్మరి భూమన్న అడిగితే ఇచ్చాను. ఆ ఉక్కుతో అతను కొడవళ్లు చేశాడు. అవి బాగా తెగుతాయని కంగ్టి దాకా పేరు వచ్చింది. అదే నా కొంప ముంచింది.

"ఏందిరా హనోకు," అన్నాడు పటేల్, వాకిట్లో పళ్లు తోముకుంటూ. "మంచి పట్టీలు భూమన్నకిచ్చి, నా బండికి పాతయి ఎక్కిస్తున్నవంటరు. నిజమేనా?"

"లేదు దొరా. ఇరిగినయే ఇచ్చిన."

"రేపు బీదరు కచేరీకి పోవాలె. మళ్ళ కుంగిందంటె నువ్వు దొంగవే. ఇగ గీ తాలూకాల నిన్ను పెట్టుకునేటోడు ఉండడు."

వేపపుల్ల పారేసి లోపలికి పోయాడు. తాలూకాలో ఉన్న మోటర్లే మూడు. ఒకరు దొంగ అంటే మిగతా ఇద్దరూ గడప తొక్కనివ్వరు. మా ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లే, స్టీరింగు పట్టింది నేనొక్కడినే. ఆ పని కూడా మా మేనమామ ఎల్లప్ప వెళ్లి పటేల్ కాళ్లు పట్టుకుంటే దొరికింది.

మామ ముప్పై ఏళ్లుగా పటేల్ వెంట పాన్‌దాను, అంటే తమలపాకుల పెట్టె, మోస్తున్నాడు. మోటరు వచ్చాక ఆయన చోటు ఫుట్‌బోర్డు మీదికి మారింది. పటేల్ పక్కన, తలుపు బయట, ఒక చేత్తో పాన్‌దాను, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడతాడు. మోకాలు వాచి ఆరు నెలలైంది. అయినా నిలబడతాడు.

జాకీ పెట్టి చక్రం ఊడదీస్తుంటే మామ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏం దొరికిందిరా?"

"ఏం దొరకలే. పోయిన నెల కొద్దిగ కుంగంగనే రెండు కట్టలు అటుది ఇటు, ఇటుది అటు మార్చిన మామా. కుడి పక్కన నిమ్మళంగ ఉన్న కట్ట ఎడమకు రాంగనే కుంగింది. ఎడమది కుడికి పోయినంక ఇంచు గూడ దిగలే."

"అంటె?"

"అంటె తప్పు పట్టీలది కాదు."

మరి ఎవరిది? విసుగొచ్చి పానా విసిరేసి లేచాను. అది పోయి వెనక సీట్లో పడింది. తీయబోతూ చూశాను. ఎడమవైపు మెత్త గుంతపడి ఉంది. కుడివైపు తోలు కొన్ననాటి నిగనిగ పోలేదు. నా బుర్రను నేనే తిట్టుకున్నాను. ఏడాదిగా బండి కింద దూరి వెతికాను గానీ, ఒక్కసారైనా లోపలికి చూశానా?

పటేల్ నిండు జొన్న బస్తా అంత మనిషి. ఎప్పుడూ ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. పక్కనే బయట మామ. పటేల్ సరసన కూర్చునే మనిషి ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదు. భార్య విజయమ్మ వెనకాల ఎడ్లు లాగే తెరల కచ్చడం బండిలో వస్తుంది. బావమరిది వచ్చినా ముందు సీట్లో కూర్చోవాల్సిందే, అదీ నా పక్కన, ఎడమవైపే. ఇంతమంది మర్యాద ఒక్క కమాను మీద పడితే ఉక్కు మాత్రం ఏం చేస్తుంది?

లారీ పట్టీల్లో మిగిలిన రెండు వేసి, అరిగిన బుష్షులు మార్చి, మధ్యాహ్నానికి బండిని నిటారుగా నిలబెట్టాను. ఇలాగే వదిలేస్తే రేపు బీదరు చేరేలోపే మళ్ళీ వాలుతుంది. చెప్పక తప్పదు. పటేల్ అరుగు మీద ఉన్నాడు, వెనక మామ పాన్‌దానుతో ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి ఉన్నాడు.

"దొరా, బరువంత ఎడమ దిక్కే పడుతుంది. మీరు నడుమల కూసుంటె..."

"నడుమల కూసుంటె దండం పెట్టేటోళ్లకు నా మొఖం ఎట్ల కనవడ్తదిరా?"

"మరి కుడి పక్కన ఎవరన్న కూసుంటె సరిపోతది."

పటేల్ నావైపు తేరిపార చూశాడు. "ఎవడు కూసుంటడు? నువ్వే చెప్పు."

జవాబు ఆయన వెనకే నిలబడి ఉంది. మామ ఫుట్‌బోర్డు దిగి లోపల కుడివైపు కూర్చుంటే ఎడమ బరువు తగ్గుతుంది, కుడి బరువు పెరుగుతుంది. మోకాలికీ మంచిది. నోట్లోంచి ఒక్క పేరు రావాలి. మామ నన్నే చూస్తున్నాడు. తర్వాత తల దించుకున్నాడు.

"రాయి పెడదాం దొరా," అన్నాను. "పాత ఇసుర్రాయి."

పటేల్ నవ్వాడు. "తెలివిగల్లోనివే. దొంగవు కాదులే."

మర్నాడు పొద్దున నేనూ మామా, ఊళ్లోకి పిండి గిర్నీ వచ్చాక మూలపడ్డ పెద్ద ఇసుర్రాయిని మోసుకొచ్చాం. సీటు మీద పెట్టబోతే మామ ఆగమన్నాడు. భుజం మీది తువ్వాలుతో తోలు తుడిచి, గొంగడి మడిచి పరిచాడు. రాయిని దాని మీద కూర్చోబెట్టాం. మామ కుంటుకుంటూ ఇటు తిరిగివచ్చి ఫుట్‌బోర్డు ఎక్కి కడ్డీ పట్టుకున్నాడు.

బండి బీదరు దాకా వేలెడు కూడా వాలలేదు. గుంత వచ్చినప్పుడల్లా మామ పళ్ల బిగువున మూలిగాడు. నాకు ఆ పటేల్ మీద కంటే నా నాలుక మీద ఎక్కువ కోపం వచ్చింది.

పటేల్ కచేరీలోకి వెళ్లాక, "మామా, నన్ను తిట్టు," అన్నాను.

"ఎందుకు తిట్టాలెరా? నా పేరు చెప్తె ఇద్దరి నౌకరీలు పోతుండె."

మామ సీటులోకి వంగి, జారిన గొంగడిని రాయి కిందికి సరిగ్గా తోశాడు.

"వాపసు పోయేటప్పుడు గుంతలకాడ జర నిమ్మళంగ తోలు," అన్నాడు. "రాయి కదులుతుంది."