తడకకు ఇవతల

ఆదివారం పొద్దున చిట్కుల్‌లో మా గది ముందుకు ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చేది నా కోసం కాదు, పాపను చూడడానికీ కాదు. "మొగులన్నా, ఇయ్యాల యాడ కూసుందాం?" అని మా ఆయనను అడగడానికి.

మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు ఈ చుట్టుపక్కల ఏ బారు ఎట్లాంటిదో తెలియదు. మా ఆయన మొగులయ్యకు తెలుసు. ఆ ఆదివారం చిన్నరాములు అనే అబ్బాయి వచ్చాడు. మా ఆయన ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి, నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంచుకుని మొదలుపెట్టాడు.

"పటాన్‌చెరు బస్టాండు కాడ మేడ మీది బారు మంచిదే గని, ఫ్యాన్ కింద జాగ దొరకాలంటే పదకొండింటికే పోవాలె. కిటికీ కాడ కూసో. రోడ్డు మీద పోయేటోళ్లంత కనవడ్తరు. ఇస్నాపూర్ చౌరస్తల అద్దాల బారు కొత్తగ వడ్డది. సల్లగుంటది, చీకటిగుంటది. ఆడ నవ్వితే పక్క టేబులోళ్లు మర్లి సూస్తరు. పిల్లను సూడవోయినట్లు కూసోవాలె. గడ్డపోతారం తొవ్వల బండి మీద ఒకాయన గుడ్లు ఉడకవెడ్తడు. మిరియాలు దంచి జల్లుతడు. ఆ గుడ్డు కోసమన్న ఒక్కపాలి పోవాలెరా."

"మరి నువ్వు యాడికి పోతవన్నా?"

"నాకు కిష్టప్ప కల్లు కాంపౌండే. బీరమ్మ కార్జం వేపుతది సూడు... పొయ్యి మీదికెల్లి దించకముందే వాసన గేటు దాక వస్తది. ఇగ ఆడ కూసుంటే ఏం చెప్పాలె, నోరు దానంతట అదే తెరుసుకుంటది."

నేను లోపల పాలు కాస్తూ వింటున్నాను. ఒక్క బారు గడపా తొక్కని నేను, ఎక్కడ గ్లాసులు మంచిగా కడుగుతారో, ఎక్కడ ఉల్లిగడ్డ అడిగితే విసుక్కుంటారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆయన ఒక్కొక్క దాని గురించి అంత ముద్దుగా చెప్పేవాడు మరి. నా పచ్చిపులుసు గురించి, నేను చేసిన సర్వపిండి గురించి ఆ గొంతుతో ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు.

నాతో ఆయన మాటలు ఇవి: "అన్నం పెట్టు." "పాప తాగిందా?" "షిఫ్టు మారింది." ఒకరోజు పని లేక లెక్కపెట్టాను. పొద్దుటి నుంచి రాత్రి వరకు పదకొండు మాటలు. అందులో రెండు దగ్గులను కూడా కలిపాను.

తాగి వచ్చినా అరవడు, కొట్టడు. చెప్పులు బయట విడిచి పిల్లిలా లోపలికి వస్తాడు. "నీ మొగడు బంగారం బిడ్డా" అంటుంది మా కిరాయి ఇంటి ఓనరమ్మ ఆగమ్మ. పక్క గదిలో కొమురయ్య తాగి వస్తే గోడలు అదిరేటట్లు అరుస్తాడు. ఆయన భార్య కూడా తక్కువ తినదు, తిరిగి అరుస్తుంది. కాసేపటికి ఇద్దరూ ఒకటే నవ్వు. నేను గోడకు చెవి ఆనించి వినేదాన్ని. బంగారం నాకెందుకు, నాకు ఆ గోల కావాలనిపించేది.

ఆ రోజు చిన్నరాములు వెళ్లబోతుంటే మా ఆయన అన్న మాట నన్ను కాల్చింది.

"పన్నెండు లోపల వచ్చెయ్యి. బీరమ్మకు బర్రె కథ సగమే చెప్పిన. పోయిన ఆదివారం పొద్దువోయిందని లేచొచ్చిన. వదినె వారం సంది అడుగుతున్నదట, మిగిలిన సగం ఏమాయె అని."

బర్రె కథా? ఏ బర్రె? ఆ సగం కథ వారం నుంచి మా ఇంట్లోనే ఉంది. నా పక్కనే పడుకుంది, నా చేతి అన్నం తింది. నాకు మాత్రం తెలియదు. బీరమ్మ కోసం దాచిపెట్టాడు. పాలు పొంగి పొయ్యి మీద పోయినా నాకు తెలియలేదు.

ఆయన అంగీ తొడుక్కుని, దువ్వుకుని బయలుదేరాడు. తలుపు దగ్గర ఏదో చెప్పబోయినట్లు నా వైపు తిరిగాడు. పాప అప్పుడే కళ్లు మూసింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. తల ఊపి వెళ్లిపోయాడు.

పాప సంగతి చెప్పాలి. పాపకు ఎనిమిది నెలలు. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేదు. సంగారెడ్డిలో ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. పక్క మంచం మీది పాపను ఒకరోజు తెల్లవారుజామున గుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. అప్పటి నుంచి నాకు భయం. పడుకున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. పాలు రెండుసార్లు వాసన చూస్తాను. ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించారు నన్ను. డాక్టరు రాసిన కాగితంలో సగం అర్థం కాలేదు. అర్థం కాని సగం కోసం కూడా నేనే భయపడాలి. పాప నిద్రపోతేనే బరువు పెరుగుతుందని అక్కడ ఎవరో అన్నారు. అందుకని మా రేకుల గదిలో గిన్నె చప్పుడు కూడా కానివ్వను.

ఆయన వెళ్లిన గంటకు ఆగమ్మ గొళ్లెం పెట్టుకుంటూ కనిపించింది. ఆమెకు ఆదివారం ఒక సీసా కల్లు పడాల్సిందే, అదీ కిష్టప్ప కాంపౌండులోనే.

"పెద్దమ్మా, నన్ను గూడ తోలుకపో" అన్నాను.

ఆగమ్మ చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. "యాడికి? కల్లుకా? నువ్వా? సల్ల తాగితే పాపకు సర్ది అయితదని బెదురుకునేదానివి!"

"తాగనీకి కాదు. బీరమ్మను సూడనీకి."

ఆగమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "కొట్లాటకైతే నేను రాను బిడ్డా. వచ్చే ఆదివారం నాకు కల్లు వొయ్యరు."

"కొట్లాడ. సూసి వస్త."

పాపను దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాను. దారిపొడుగునా బీరమ్మ ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూనే ఉన్నాను. ఒకసారి సన్నగా, ఒకసారి తెల్లగా, కొప్పులో పూలు పెట్టుకుని. ప్రతిసారీ నాకంటే బాగానే ఉంది.

కాంపౌండు అంటే చుట్టూ గోడ, మధ్యలో మట్టి నేల, పైన తాటాకుల పందిరి. బల్లల మీద మగవాళ్లు, చేతుల్లో సీసాలు. ఒక పక్కన తాటాకుల తడక కట్టారు. తడకకు ఇవతల ఆడవాళ్లు కూర్చుంటారు. కైకిలి కూలికి పోయే ముసలమ్మలు, కూరగాయలు అమ్మేవాళ్లు కాళ్లు చాపుకుని, ముంతలు పక్కన పెట్టుకుని ఇంటి అరుగు మీద ఉన్నట్లే ఉన్నారు. తడక చివర పొయ్యి. పొయ్యి ముందు బీరమ్మ.

నలభై దాటి ఉంటాయి. నల్లగా, దిట్టంగా ఉంది. ముక్కుకు రెండు పుడకలు. గరిటె తిప్పుతుంటే చేతి గాజులన్నీ ఒకేసారి మోగుతున్నాయి. అందగత్తె కాదు. ఆ సంగతి చూసి నా కడుపు చల్లబడాల్సింది. పడలేదు. ఎందుకంటే అప్పుడే ఆమె తడక అవతలికి తల తిప్పి, "ఓ మర్దీ, బర్రెను గేటు కాడనే నిలవెట్టి వోయినవ్, అది ఇంక ఆడనే ఉన్నదా, మేస్తున్నదా?" అంది.

అవతల మగవాళ్లందరూ నవ్వారు. ఒక గొంతు జవాబిచ్చింది.

"ఉన్నది వదినె, గేట్ పాస్ కోసం సూస్తున్నది!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. నిండుగా, లోతుగా, నవ్వు అంచున ఆగిన గొంతు. తెలిశాక తడక పక్కనే కూర్చుండిపోయాను. రెండేళ్ల నుంచి కాపురం చేస్తున్న మనిషి గొంతును నేను తడక చాటున మొదటిసారి విన్నాను.

"ముందుగాల మీ సార్‌ను చెయ్యన్నా" అని చిన్నరాములు అడిగాడు.

మా ఆయన గొంతు మార్చాడు. షిఫ్టు సూపర్వైజరు రామలింగేశ్వరరావుగారట. "ఏవండీ మొగులయ్యగారూ, వాల్వు తిప్పమంటే తిప్పారు, సంతోషం. ఎటువైపు తిప్పారండీ?" ఆడవాళ్ల వైపు కూడా ఒకటే నవ్వు. ఆగమ్మకు పొలమారింది. నాకూ నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్లు మండింది. ఇంత నవ్వు ఈయన దగ్గర ఉంచుకుని, దారిన పోయేవాళ్లందరికీ పంచి, మా ఇంటికి ఖాళీ చేతులతో వస్తాడా?

"ఇది ఫ్యాక్టరీల సూపర్వైజర్. ఇంట్ల ఇంకొకరు ఉన్నరు" అన్నాడు.

నేను పాపను గట్టిగా పట్టుకున్నాను.

"ఆ సార్‌కు పాలు గావాలె. ఒక్కపాలి వాసన సూస్తది. మంచిగున్నయి. మల్లొక్కపాలి సూస్తది. గా నడుమ ఖరాబైనయేమో అని!" నవ్వులు. "పాప ముక్కు కాడ ఏలు వెడ్తది, ఊపిరున్నదా అని. సరే, తల్లి గద. ఇగ నేను పండుకున్నంక నా ముక్కు కాడ గూడ వెడ్తది. నేను మెలకువతోనే ఉంట. కదిలితే సిగ్గువడ్తదని ఊపిరి జెర గట్టిగ తీస్త, ఇనవడనీ అని."

ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. ఆయన నిద్రపోయాడనుకునే నేను వేలు పెట్టేదాన్ని.

"తలుపు తీస్తే ష్! దగ్గితే ష్! బువ్వ మంచిగున్నది పిల్లా అందామని నోరు తెరుస్తే, ష్! పాప పండుకున్నది! ఎనిమిది నెలలాయె వదినె. నోట్ల మాటలు నోట్లనే మురిగిపోతున్నయి. అందుకే ఈడికి తెచ్చి పారవోస్తున్న."

అందరూ మళ్లీ నవ్వారు. ఆగమ్మ కూడా నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.

పొద్దున గడప దగ్గర నా వైపు తిరిగి ఏం చెప్పబోయాడో ఇప్పుడు తెలియదు. ఆ వేలు పెట్టింది నేనే. ఒడిలో పాపను చూశాను. సీసాలు ఖంగుమంటున్నాయి, గరిటె మోగుతోంది, నలభై మంది నవ్వుతున్నారు. పాప నోరు కొంచెం తెరిచి, పిడికిలి వదిలేసి హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో చీపురు పుల్ల పడితే లేచే పిల్ల ఇది.

అయినా నా కడుపుమంట పోలేదు. నా మాటలు, నా వేలు, నా ఇంటి పాలు తెచ్చి ఇక్కడ నవ్వు చేస్తే, ఆ నవ్వులో నాకు భాగం లేదా?

"నేను ఇంట్లకు అడుగు వెడ్తె సాలు..." అని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

"ష్...!" అన్నాను తడక ఇవతల నుంచి, ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా. "పాప పండుకున్నది!"

అవతల ఎవరో, "అబ్బ, మొగులన్నా, రెండు నోళ్లతోని మాట్లాడుతున్నవా?" అన్నారు.

తడక మీదుగా మా ఆయన తల లేచింది. మీసాల మీద కల్లు నురుగు. నన్ను చూశాడు, పాపను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఆ ముఖాన్ని ఎవరూ అనుకరించలేరు.

"ఎవరు బిడ్డా నువ్వు?" అని బీరమ్మ గరిటె ఎత్తింది.

"ఇంట్ల సూపర్వైజర్‌ను" అన్నాను.

అప్పుడు లేచిన నవ్వుకు పందిరి మీది తాటాకులు కదిలాయంటే నమ్మండి. పాప మాత్రం లేవలేదు. బీరమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, మోదుగాకు దొన్నెలో కార్జం వేసి నా ముందు పెట్టింది. తిన్నాను. బాగుంది. అంత బాగుండడం నాకు నచ్చలేదు.

ఆయన ఇవతలికి వచ్చి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. "ఇంటికి పోదామా?" అన్నాడు చిన్నగా, మళ్లీ ఆ ఇంటి గొంతుతో.

"అయ్యో, తోలుకపోకమ్మా. బర్రె కథ సగంల ఉన్నది. అది ఒడిసినంక తోలుకపో" అంది బీరమ్మ.

"మీరు సగమన్న ఇన్నరు. నేను అసలే ఇనలే" అన్నాను. "మిగిలిన సగం ఇంటికాడ చెప్తడు."

"మరి మాకు?"

"నేను ఇన్నంక."

బీరమ్మ గరిటెతో గేటు వైపు చూపించింది. "తీస్కపో. నీ బర్రె నీకే" అని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

ఆగమ్మను అక్కడే వదిలి ఇంటికి వచ్చాం. గది తలుపు తీసి పాపను పడుకోబెట్టాను. ఆయన చెప్పులు బయట విడిచి, గోడకు ఆనుకుని కూర్చుని, పాప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉన్నప్పుడు మన చిట్కుల్ మల్లయ్య బర్రె లోపలికి పోయిందట. బయటికి తోలబోతే సెక్యూరిటీ వాళ్లు ఆపారట. లోపలికి వచ్చినట్లు రిజిస్టరులో లేదు, బయటికి పాస్ ఎట్లా ఇస్తామని. మల్లయ్య గేటు బయట ఏడుస్తున్నాడట, బర్రె లోపల ఆఫీసు ముందు పూలచెట్లు తింటోందట.

"ఏవండీ, ఆ గేదెగారి పేరేంటండీ?" అని సూపర్వైజరు గొంతు వచ్చేసరికి ఆయనకు తెలియకుండానే గొంతు పెరిగింది. పాప కదిలింది. నా వేలు దానంతట అదే పెదవుల దాకా లేచింది. దాన్ని దించి పాప పిడికిట్లో పెట్టాను.

"బీరమ్మ ఇన్నది ఈడి దాకనేనా?" అని అడిగాను.

"గీడి దాకనే."

"అయితే ఇగ గట్టిగ చెప్పు."