భరోసా దెబ్బ

ఆ శనివారం బ్లాంకా గ్యాస్ పొయ్యి మూడుసార్లు కట్టేసింది. మొదటిసారి నిజంగానే కట్టేసింది. రెండోసారి కట్టేశానా లేదా అని చూసింది. మూడోసారి, తను చూసిన మాట నిజమేనా అని మళ్ళీ వెళ్ళి చూసింది.

మొగుడు రాదిమ్ పాపను చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, "అలా గుచ్చి గుచ్చి చూడకే, పొయ్యికి సిగ్గేస్తోంది," అన్నాడు.

పాప అపోలెనాకు పద్దెనిమిది నెలలు. అది కడుపున పడ్డప్పుడు బ్లాంకా మిఠాయిల పని నేర్పే బడిలో రెండో ఏడు చదువుతోంది. చదువు అక్కడే ఆగిపోయింది. పాప పుట్టాక ఆమె బుర్రలో సంత మొదలైంది. కిటికీ గడియ పడిందా, పాప దగ్గింది మామూలు దగ్గేనా, ద్రాక్షపండు గొంతులో అడ్డం పడితే ఎలా... ఆ సంతకు ఆదివారం కూడా సెలవు లేదు.

ఆ సంత మూతపడింది ఒక్కసారే. వసంతంలో ఆమె పుట్టినరోజుకని రాదిమ్ ఊరి బయట పాత రాతి క్వారీలో ఉన్న షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అక్కడ క్లబ్బు పెద్దమనిషి హినెక్ తాత తన పిస్తోలు ఆమె చేతిలో పెట్టాడు. పదిహేను తూటాలూ అయిపోయేదాకా ఆమె బుర్రలో ఒక్క గొంతు కూడా లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఏడ్చింది. చెవులు నొప్పెట్టాయేమోనని రాదిమ్ మందుల షాపు దగ్గర ఆపాడు పాపం.

ఆ తర్వాత డాక్టరు కాగితం తెచ్చుకుంది, తుపాకీ లైసెన్సు పరీక్ష రాసింది. చట్టం ప్రశ్నల్లో ఒక్కటీ తప్పలేదు. పక్కన కూర్చున్న కుళాయిల మేస్త్రీ రెండోసారి కూడా తప్పాడు. గోడకు ఇనప్పెట్టె బిగించింది. కొనుక్కోవడానికి పోలీసుల అనుమతి కాగితం కూడా సంచిలో పెట్టుకు తిరుగుతోంది. ఇక కావలసింది పిస్తోలే.

అదీ ఏదో ఒకటి కాదు, హినెక్ తాతదే కావాలి. డెబ్బై ఐదు అనే రకం, అది మొదలైన తొలి సంవత్సరాల్లో చేసింది. ఉహెర్‌స్కీ బ్రోద్ తుపాకుల ఫ్యాక్టరీలో బల్ల ముందు ఆకురాయి పట్టుకుని ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి తనకోసం ఏరుకున్న తుపాకీ. గొట్టం కొసన నల్లరంగు అరిగి వెండిలా తేలింది. చెక్క పిడి ఆయన అరచేతికి అరిగి నున్నబడింది. ఇప్పుడు ఆయన కళ్ళకు పొర కమ్మింది. గొట్టం కొసనున్న గురి ఒకటికి రెండుగా కనపడుతోందిట. అందుకే అమ్మేస్తానన్నాడు. కాకపోతే బ్లాంకాకు మాత్రం అమ్మనన్నాడు.

"ఎందుకని తాతా?"

"నువ్వు పిరికిదానివి గనక. నువ్వు దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెకి తాళమేసి, ఆ తాళానికి కాపలా కూర్చుంటావు. అది పేలడానికి పుట్టింది పిల్లా, పడుకోడానికి కాదు."

"నేను కాలుస్తాను తాతా."

"నువ్వు చూస్తావు. అస్తమానం చూస్తావు. కాల్చేవాళ్ళు వేరే."

అందుకే ఆమె ఆ శనివారం పోటీకి వెళ్ళింది. నవంబరులో వచ్చే మార్టిన్ పండుగ పోటీ అది. బహుమతి పొగబెట్టిన పంది తొడ. కాల్చేవాళ్ళకు హుషారు రావాలని క్లబ్బు అధ్యక్షుడు చెస్ట్‌మీర్ దాన్ని ఎదురుగా తూటాలు దిగే మట్టికట్ట పక్కన గుంజకు వేలాడదీశాడు. ఆ వాసనకు గురి కుదరడం లేదని సగంమంది మొరపెట్టుకున్నారు.

"కాల్చు, చూద్దాం," అని తాత తన పిస్తోలే ఇచ్చాడు. ఈరోజు నచ్చకపోతే పై వారం బ్ర్నో నగరంనుంచి వచ్చే ఆసామికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. ఆ ఆసామి దగ్గర అద్దాల బీరువాలో ఇలాంటివి నలభై ఉన్నాయిట.

బ్లాంకా కాల్చింది. గొప్పగా ఏం కాల్చలేదు గానీ చెడగొట్టనూ లేదు. అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. అక్కడ కాల్చడం అయ్యాక ప్రతివాళ్ళూ పిడిలోంచి తూటాల మ్యాగజీను తీసేయాలి, గొట్టంమీది స్లైడు వెనక్కి లాగాలి, తూటా కూర్చునే గది ఖాళీ అని చూసుకోవాలి. చివర్న మట్టికట్ట వైపు గురిపెట్టి ఉత్తినే ఒకసారి ట్రిగ్గరు నొక్కాలి. అది టక్కుమనాలి. దాన్నే భరోసా దెబ్బ అంటారు.

బ్లాంకా మ్యాగజీను తీసింది. స్లైడు లాగింది. గదిలోకి చూసింది. చిటికెన వేలు పెట్టి తడిమింది. మళ్ళీ చూసింది. మళ్ళీ వేలు పెట్టింది.

"లోపల ఎవరన్నా అద్దెకుంటున్నారేమో అడుగు," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఒరేయ్, నా చారు చల్లారిపోతోందిరా!" అని ఇంకొకడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఇంకోసారి చూసింది. అప్పుడు నొక్కింది. టక్.

హినెక్ తాత నిట్టూర్చాడు. "చూశావా? నీకూ దానికీ పడదు. ఇటివ్వు. కాల్చడం తెలిసినవాడు ఎలా ముగిస్తాడో చూపిస్తా."

పిస్తోలు తీసుకున్నాడు. అయిదు తూటాలు నింపాడు. రెండు కాల్చాడు. రెండూ ఎటు పోయాయో ఆ మట్టికట్టకే తెలియాలి. ఆపైన గొట్టం ముందుకే ఉంచి, మెడ మాత్రం బ్లాంకా వైపు తిప్పి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"చేతికి తెలుస్తుంది పిల్లా. నలభై ఏళ్ళు పట్టుకున్న చేతికి కళ్ళతో పనిలేదు. ఇదిగో, ఇలా లాగి..."

స్లైడు లాగాడు. ఒక తూటా ఎగిరి గడ్డిలో పడింది.

"...ఇలా మ్యాగజీను తీసి..."

వరస తిరగబడింది. ముందు మ్యాగజీను తీయాలి, తర్వాత లాగాలి. ఇప్పుడు మ్యాగజీనులోంచి గదిలోకి ఇంకో తూటా ఎక్కింది.

"తాతా, ఆగండి!"

"...ఇలా నొక్కడమే. అంతే."

ఢామ్మంది.

ఎదురుగా గుంజకున్న పంది తొడ ఒక్క ఊపు ఊగి, గిర్రున తిరిగి, మెల్లగా నిలబడింది. దాని నడుమ వేలు దూరేంత బొక్క.

ముందుగా చారు మనిషి నోరు విప్పాడు. "పొద్దుట్నించీ దాన్ని కొట్టింది తాతొక్కడే."

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఎవరి భరోసా దెబ్బ నిజంగా పేలితే వాడు ఏడాదిపాటు ఆ క్వారీలో తుపాకీ ముట్టకూడదు. ఆ నియమం గోడమీద పెద్ద అక్షరాలతో ఉంది. రాయించింది హినెక్ తాతే.

చెస్ట్‌మీర్ గొంతు సవరించుకున్నాడు. "హినెక్ గారూ, మీరు ఇంకా కాలుస్తూనే ఉన్నారు కదా? ముగించలేదు కదా? మూడోది కావాలనే..."

"నోర్ముయ్యి. పుస్తకంలో రాయి."

"అది కాదండీ..."

"రాయమన్నానా! నా పేరు స్పెల్లింగు తప్పకుండా రాయి."

తాత పిస్తోలు బల్లమీద పెట్టి వెనక్కి జరిగి బెంచీమీద కూలబడ్డాడు. చేతులు తొడల కింద దాచుకున్నాడు. అందరూ ఆ పిస్తోలుకేసి పాముకేసి చూసినట్టు చూస్తున్నారు.

బ్లాంకా వెళ్ళి దాన్ని అందుకుంది. మ్యాగజీను లేదు. పేలినప్పుడే కాలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపోయింది. స్లైడు లాగింది. చూసింది.

"ఖాళీయేనా?" తాత గొంతు చిన్నబోయింది.

"ఖాళీయే తాతా."

"ఇంకోసారి చూడు."

చూసింది. వేలు పెట్టింది. ఈసారి చారు గురించి ఎవరూ ఎత్తలేదు.

"ఇంకోసారి," అన్నాడు తాత.

చూసింది. నొక్కింది. టక్.

ఆ చప్పుడుకు తాత కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. "ఆ పోలీసు కాగితం ఉందా నీ దగ్గర?" అన్నాడు.

"సంచిలో ఉంది తాతా. కానీ ఒక షరతు."

"ఏంటీ? నువ్వు నాకు షరతు పెడతావా?"

"శనివారం శనివారం మీరొచ్చి నా పక్కన నిలబడాలి. ముట్టుకోకూడదన్నారు గానీ, తిట్టకూడదని గోడమీద ఎక్కడా రాయలేదుగా."

తాత ఆమెను ఎగాదిగా చూశాడు. ఇద్దరు కనపడుతున్నారేమో, ఏ బ్లాంకాతో మాట్లాడాలో తేల్చుకుంటున్నట్టు చూశాడు. "సారా నువ్వు తెస్తావా?"

"మా మామగారు కాచిన ఆలూబుఖారా సారా."

"బ్ర్నో వాడికి రావద్దని చెప్పరా చెస్ట్‌మీర్!"

కాగితాల పని వారంలో అయింది. ఆ పై శనివారం బ్లాంకా తన సొంత పిస్తోలుతో క్వారీలో నిలబడింది. చెక్క పిడి చలికి గడ్డకట్టినట్టుంది. అయిదో తూటాకల్లా వెచ్చబడింది. దెబ్బలన్నీ వరసగా ఎడమకీ కిందకీ పోయాయి.

"ట్రిగ్గరు నొక్కుతున్నావా, ఆవు పాలు పితుకుతున్నావా?" తాత బెంచీమీంచి అరిచాడు. "మెల్లిగా! దాన్ని అడుక్కో, లాక్కోకు!"

బ్లాంకాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ కాలిస్తే ఇంకా ఎడమకు పోయాయి. నవ్వు ఆపి ఊపిరి బిగబట్టింది. పన్నెండోది గురిబొమ్మలోని నల్లచుక్క అంచు కొరికింది. పదమూడోది నడిమధ్యన దిగింది.

పదిహేనూ అయ్యాక, వరస తప్పకుండా అన్నీ చేసి, చెవులమీది కప్పులు తీసింది. బల్లమీద ఫోను మోగి మోగి గస పోస్తోంది.

"పాప చెంచా ఎక్కడే?" అన్నాడు రాదిమ్. "నాలుగుసార్లు చేశాను!"

"వెతుక్కో," అని ఫోను పెట్టేసి, బ్లాంకా రెండో డబ్బా తూటాలు విప్పింది.