డాక్టరు లేని ఇల్లు

మూడో కాన్పులో ఓబమ్మ చావు అంచుదాకా పోయి వచ్చింది. నెత్తురు ఆగకపోతే ధర్మవరం నుంచి జీపులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయి బతికించుకున్నారు. ఇంకో కాన్పు తట్టుకోలేవని డాక్టరమ్మ అప్పుడే గట్టిగా చెప్పింది. చిన్నది పాలు మానకముందే ఓబమ్మకు మళ్ళీ నెల తప్పింది.

మగ్గం గుంతలో కూర్చున్న మొగుడు ఎర్రిస్వామికి ఆ సంగతి చెబితే, పోగుల మధ్య నాడె ఆడిస్తున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"ఏం చేద్దామే?"

"తీయించుకుంటానప్పా. ఉన్న పిల్లోళ్లకు తల్లి ఉండల్ల గదా."

స్టేషను దోవలో కొత్తగా ఒక ఇంటికి ఎర్ర ప్లస్ గుర్తుతో బోర్డు కట్టారు. గర్భిణులకు ఉచిత సలహా, సాయం అని రాసుంది. అనంతపురం దాకా పోయే పని తప్పిందనుకుని ఓబమ్మ అక్కడికే వెళ్ళింది.

తెల్లకోక కట్టిన సుశీలమ్మ ఎదురొచ్చి చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఓబమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. అంత మెత్తగా ఎవరూ పలకరించక ఎన్నాళ్ళయిందో! ఓబమ్మకు ఏడుపొచ్చింది.

"డాక్టరు వచ్చేవారం వస్తారు తల్లీ. ఈలోపల బాగా ఆలోచించుకో. కడుపు తీయించుకున్నోళ్లకు మతి చెడుతుంది. పోలీసుల గొడవ కూడా ఉంటుంది. మీ అత్తామామలంతా వచ్చి ఒప్పుకోవాల."

ఓబమ్మ భయంతో ఇల్లు చేరింది. నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టబోతే అది తెగిపోతూ వచ్చింది. వారం పోయాక వెళితే డాక్టరు ఊర్లో లేడన్నారు. ఆపైవారం వెళితే, ఇంకో నెల ఆగితే మంచిదన్నారు.

ఆ రోజు ఆ ఇంటి వసారాలో గోరంట్ల నుంచి వచ్చిన తిప్పమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. మొగుడు క్షయతో మంచం పట్టినాడట. వానల్లేక చేను బీడు పడింది. ఈ కడుపుతో కూలికి పోలేనని తీయించుకోవడానికి వచ్చింది.

"ఎప్పటినుంచి వస్తాండావు?" అని ఓబమ్మ అడిగింది.

"ఉగాదికి ముందే వచ్చినా. వచ్చే వారం, వచ్చే వారం అంటాండారు. ఇప్పుడు చూడు, కడుపు ఎత్తుగా కనపడతాండాది."

ఓబమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నిసార్లు వచ్చినా తన నాడి పట్టుకుని చూసినవాళ్ళు లేరు. ఈ ఇంట్లో మందు వాసనే లేదు. లేచి నేరుగా లోపల ఉన్న సుశీలమ్మ దగ్గరికి పోయింది.

"అక్కా, ఒక్క మాట సెప్పు. ఈడ కడుపు తీసే డాక్టరు ఉండాడా, లేడా?"

"ముందు నీ మనసు కుదుటపడనీ తల్లీ."

"నా మనసు కుదురుగానే ఉండాది. నేను డాక్టరు సంగతి అడుగుతాండా."

సుశీలమ్మ తలుపు దగ్గరగా వేసింది. "లేడు. బిడ్డను నిలబెట్టుకోమని చెప్పడానికే మేముండేది. మీ మంచి కోరే చేస్తాండాం."

"అట్లయితే ఆ మాటే బోర్డు మీద రాయండి. బిడ్డ కావాలనుకునేటోళ్లు వస్తారు. మాలాంటోళ్లు వేరే తావుకు పోతారు. మా దినాలు ఎందుకు తింటారక్కా?"

సుశీలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చెడ్డ మనిషి కాదని ఓబమ్మకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేదు. తిప్పమ్మ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు ఎర్రిస్వామి ఇద్దరినీ అనంతపురం బస్సెక్కించుకుపోయాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఓబమ్మ భయాలన్నీ విని పరీక్ష చేసింది.

"పోలీసులు ఎందుకొస్తారమ్మా? చట్టం ఒప్పుకుని ఎన్నో ఏండ్లయింది. నువ్వు ఒప్పుకుంటే చాలు, అత్తామామలతో పన్లేదు. మతి చెడేదంతా ఉత్తమాట. నీకింకా సమయముంది."

ఓబమ్మకు పని సులువుగానే అయింది. తిప్పమ్మను చూసినాక మాత్రం డాక్టరమ్మ ముఖం దిగులుపడింది. గడువు దాటిపోయింది, ఇక కనాల్సిందే. తిప్పమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని, "ముందే సెప్పింటే ఈడికే వచ్చేదాన్ని గదా" అని మాత్రం అన్నది.

ఊర్లో మొగుణ్ణి చూసుకోను అత్త ఉండటంతో, కాన్పు దాకా తిప్పమ్మను ఓబమ్మ తన ఇంట్లోనే పెట్టుకుంది. కూర్చుని చేసే పని గనక కండెలు చుట్టడం నేర్పింది. వచ్చిన కూలి ఎర్రిస్వామి గోరంట్లకు పోయి ఆమె మొగుడికి ఇచ్చి వచ్చేవాడు. ఆడపిల్ల పుట్టింది. బాలింత బిడ్డనెత్తుకుని ఊరికి పోయేనాడు, పిల్లకు కప్పమని ఓబమ్మ తన మెత్తటి పాతకోక ఇచ్చింది. బస్సు కదిలేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర చేతులు పట్టుకునే ఉన్నారు.