రెండు వేళ్ళ వదులు

నాకు కుట్టుపని నేర్పిన మేనత్త మొదటి రోజే ఒక మాట చెప్పింది. "కొలత కంటితో చూడు, చేత్తో రాసుకో. నోటితో మాత్రం చదవకు." ఎవరి నడుం ఎంతో పక్కవాళ్ళు వినకూడదు. ఒక్కోసారి ఆ మనిషి కూడా వినకూడదు. ముప్పై ఏళ్ళుగా అదే పాటిస్తున్నాను. ఎవరెంత పెరిగారో నాకూ నా పుస్తకానికీ తప్ప మూడోకంటికి తెలియదు కాబట్టే వీధిలో సగం మంది నా కుట్టు మిషను దగ్గరికే వస్తారు.

పెరిగిన వాళ్ళ బట్టలు అడక్కుండానే వదులు చేసేస్తాను. బొత్తాం ఊడిందని తెస్తారు. ఒళ్ళు వస్తేనే కదా బొత్తాం ఊడేది! లోపల మడిచి ఉంచిన గుడ్డలోంచి కాస్త వదిలి కుట్టి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు చేతిలో పెడతాను. మాటిమాటికీ విప్పడం ఎందుకని కావలసిన దానికంటే రెండు వేళ్ళు ఎక్కువే వదులుతాను. మా అక్క కోటుకీ అదే చేశాను. అక్క రైళ్ళలో టికెట్లు తనిఖీ చేస్తుంది. ఆ నల్లకోటు ప్రతి ఆదివారం నా దగ్గరికి వస్తుంది, సోమవారం పొద్దున్నే ఆమె ఒంటిమీదికి వెళుతుంది.

పోయినేడు వాళ్ళ ఆఫీసు డాక్టరు అక్కని పరీక్ష చేసి, బరువు తగ్గకపోతే వచ్చే ఏడు రైలెక్కనివ్వమనీ, కిటికీ వెనక కూర్చుని టికెట్లు కోయాల్సిందేననీ చెప్పాడు. పాతికేళ్ళు కదిలే పెట్టెల్లో తిరిగిన మనిషికి అది జైలుతో సమానం. ఆ భయంలో ఉండగానే ఎవరో ఆమె చేతిలో ఒక పొడి డబ్బా పెట్టారు.

డబ్బాలో ఉన్నది మిరియాలు, దాల్చినచెక్క, శొంఠి, ఎండుమిరపకాయ, గ్రీన్ టీ ఆకు, అన్నీ కలిపి కొట్టిన పొడి. మెటబాలిజం పెంచుతుందట. అమ్మే ఆవిడ మూడు వీధుల అవతల మేడమీద గది తీసుకుని, అందరి చేతా కోచ్ మేడం అని పిలిపించుకుంటోంది. ప్రతి మనిషి ఒంట్లోనూ ఒక పొయ్యి ఉంటుందనీ, మనది ఆరిపోతోందనీ, ఈ పొడి అందులో వేసే కట్టెలనీ ఆవిడ చెప్పిందంతా అక్క నాకు పాఠంలా అప్పజెప్పింది. ఆ రోజే నేను ఆవిడకి పొయ్యమ్మ అని పేరు పెట్టాను.

"రెండంగుళాలు తగ్గానే!" అంది అక్క మొన్నొక ఆదివారం, కోటు నా బల్ల మీద పడేస్తూ.

"బరువెంత?"

"బరువు చూసుకోవద్దన్నారు మేడం. కాటా మోసం చేస్తుందట. టేపు చేయదట."

టేపు సంగతి నాకా చెప్పేది! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? మూడు నెలల్లో ఆ కోటు నేను మూడుసార్లు విప్పాను. నా పుస్తకం ఒకటి చెబుతోంది, పొయ్యమ్మ టేపు ఇంకొకటి చెబుతోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క మొహంలో సంతోషం చూసి మింగేశాను.

కానీ నా కన్ను ఊరుకోదు. బయట ఎండ మాడుస్తోంది, నేను ఫ్యాను కింద కూడా చెమటలు కక్కుతున్నాను, అక్కేమో చొక్కా మీద స్వెట్టరు వేసుకుని కూర్చుంది. కళ్ళకింద ఉబ్బు. గొంతు మగగొంతులా బొంగురుపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీసింది. లోపల పొయ్యి భగభగా మండుతుంటే పైన చలేమిటి?

బావకి ఫోన్ చేశాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మిరియాలేగా, తాగనీ," అన్నాడు. అక్క ఆ పొడి మొదలుపెట్టాక ఆయన పళ్ళెంలో వేపుళ్ళ మీద ఆంక్షలు పోయాయి మరి. ఆయన మీద కూడా నాకు అనుమానమే.

మర్నాడు కంటి చుక్కల కోసం మందుల షాపుకి వెళ్ళాను. షాపావిడ చుక్కలిస్తూ, "మీ అక్కగారు ఊళ్ళో లేరా? రెండున్నర నెలలైంది మాత్రలు తీసుకెళ్ళి," అంది.

"ఏ మాత్రలు?"

"థైరాయిడ్ మాత్రలండీ. ఆరేళ్ళుగా ఒక్క నెల తప్పలేదు."

పొడి సంగతి, చలి సంగతి, కునుకుల సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మిరియాలూ గ్రీన్ టీ ఒంట్లో వేడి కాస్త పెంచుతాయి, కాదనను. కొంచెంసేపే. ఆ కాసేపట్లో కరిగేది ఒక బిస్కెట్ తింటే తిరిగొచ్చేస్తుంది. మీ అక్కగారికి ఆ పొయ్యిని నడిపేదే ఆ మాత్ర. అది ఆపేసి మిరియాలు తాగితే బరువు పెరుగుతుంది కానీ తగ్గదు. ఆలస్యం చేస్తే గుండె దాకా వస్తుంది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

అక్కణ్ణుంచి తిన్నగా పొయ్యమ్మ మేడ ఎక్కాను. చెప్పులు విప్పేటప్పటికే దులపాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. గదిలో నలుగురు ఆడవాళ్ళు, గోడ నిండా నడుముల బొమ్మలు, మధ్యలో టేపుతో ఆవిడ. కొత్తగా చేరిన అమ్మాయి నడుం కొలుస్తోంది. టేపు కింద రెండు వేళ్ళు దూర్చింది. దర్జీలకి అది కొత్త కాదు, బట్ట వదులుగా ఉండటానికి మేమూ పెడతాం. తర్వాత నెలనాళ్ళుగా వస్తున్న మనిషిని నిలబెట్టింది. ఈసారి వేళ్ళు లేవు. "ఊపిరి వదలండి, పొట్ట లోపలికి," అంటూ టేపు ఒంట్లోకి దిగేలా బిగించింది. "చూశారా, ఒకటిన్నర అంగుళం!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"వేళ్ళేవీ?" అని అరిచాను. "మొదటిసారి పెట్టిన రెండు వేళ్ళూ ఇప్పుడెక్కడికి పోయాయి? మా అక్క చేత మాత్రలు కూడా మాన్పించావు కదా!"

పొయ్యమ్మ తడబడలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసి కుర్చీ జరిపింది. "మీరు ఆ టికెట్ మేడంగారి చెల్లెలా? కూర్చోండి. నేను మానమనలేదు. పొయ్యి మండుతున్నప్పుడు మాత్రెందుకు అన్నాను, అంతే. టేపు అబద్ధమే అనుకోండి. మరి కోటు కూడా అబద్ధమేనా?"

"ఏ కోటు?"

"ఆవిడ నల్లకోటు. వారమంతా అదే కోటు, ఒక్కటే కోటు. మూడు నెలల్లో మూడుసార్లు వదులైంది. ఇక్కడే నలుగురిలో నిలబడి, బొత్తాం పెట్టుకుని, లోపల గుప్పెడు దూర్చి చూపించింది. మొదటిసారి వదులైన రోజే, ఇంక మాత్రలు అక్కర్లేదేమో అని తనంతట తనే అంది."

గదిలో ఉన్న నలుగురూ నా జవాబు కోసం చూస్తున్నారు. నేను మాత్రం నా సూదివేళ్ళ వంక చూసుకుంటున్నాను. పొయ్యమ్మ వేళ్ళు పెట్టి తీసింది. నేను పెట్టి వదిలేశాను. దొంగ ఎక్కడున్నాడా అని ఊరంతా వెతికాను, మా ఇంట్లోనే మిషను ముందు కూర్చుని ఉంది.

ఆదివారందాకా ఆగలేదు. ఆ సాయంత్రమే అక్క డ్యూటీ దిగి ఇంటికి రాగానే వెళ్ళాను. బావ లోపల టీవీ చూస్తున్నాడు. కోటు అడిగి తీసుకుని, తిరగేసి, దీపం కింద పరిచాను. బయటి గుడ్డ ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగింది. నేను లోపల్నుంచి వదిలిన పట్టీలు మాత్రం కొత్త గుడ్డలా నల్లగా మెరుస్తున్నాయి. వాటి పక్కనే విప్పేసిన పాత కుట్ల తూట్లు మూడు వరసలు.

"ఇదేంటే?"

"నేనే అక్కా. నీకు బిగుతైనప్పుడల్లా విప్పి వదులు చేశాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు. నువ్వు తగ్గలేదు. కోటు పెరిగింది."

అక్క వేలితో తూట్లు తడుముతూ ఒక్కో వరసా లెక్కపెట్టింది. తర్వాత నా మొహం చూసింది. చిన్నప్పుడు తన పెన్సిలు విరిచి దాచినప్పుడు కూడా ఇలాగే చూసింది.

"నీకు నోరు లేదా? పదకొండు మందికి ఆ పొడి ఇప్పించాను, ఈ కోటు చూపించి! మాత్రలు మానేశాను, ఈ కోటు చూసుకుని!"

"తెలుసు. పొద్దున మందుల షాపావిడ చెప్పింది." "నాకు భయమేస్తోందక్కా. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. రేపు మాత్రం డాక్టరు దగ్గరికి పద."

అక్క లేచి వెళ్ళి డబ్బా తెచ్చింది. మూత తీసి వాసన చూసి, "రుచి బాగుంటుంది పాడుది," అని వంటగదిలో మిరియాల సీసా పక్కన పెట్టేసింది. తిరిగొచ్చి స్వెట్టరు విప్పి, చేతులు పక్కకి చాపి నా ముందు నిలబడింది.

"టేపు ఉందా?"

నా మెడలో టేపు లేని రోజెప్పుడు?

"కొలువు. వేళ్ళు పెట్టకు. పొట్ట లోపలికి లాగను."

కొలిచాను. అలవాటుగా పుస్తకం కోసం సంచిలో చెయ్యి పెట్టాను. అక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"పైకి చదువు."

మేనత్త గుర్తొచ్చింది. లోపలి గదిలో బావకి వినిపిస్తుందేమో అనుకున్నాను. గొంతు సవరించుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక నడుం కొలత నోటితో చదివాను. "నలభై మూడున్నర."

అక్క ఊపిరి వదిలింది.

"ఇంతేనా? నువ్వు మూడుసార్లు దాచావంటే ఇంకెంతో అనుకున్నాను," అంది.